అక్కకు పాట అందించబోయాను

మ్యూజిక్ థెరపీ చదవడానికి వచ్చే పిల్లలు మొదటి రోజు అడిగేది ఒక్కటే. ఏ రాగం ఏ జబ్బుకు పనిచేస్తుంది? మదురైలో ఒక కాలేజీలో పీజీ పిల్లలకు ప్రాక్టికల్ నేర్పినన్నాళ్ళూ నేను ఈ ప్రశ్న వింటూనే ఉన్నాను. రిటైరయ్యాక కూడా తప్పలేదు. పెళ్ళిళ్ళలో, బస్సుల్లో, చర్చి మెట్ల మీద అడుగుతూనే ఉన్నారు. బీపీకి ఏది, నిద్రకు ఏది, షుగరుకు ఏది అని మందుల షాపులో చీటీ చూపించినట్టు అడుగుతారు. నా జవాబు విన్నాక వాళ్ళ ముఖాలు చిన్నబోతాయి. రాగం ఏదైనా సరే, రోగి నోరు తెరవాలి, లేదా చెయ్యి కదపాలి, లేదా పక్కనున్న మనిషి వైపు తిరిగి చూడాలి. అది జరగకపోతే మీరు చేసింది కచేరీ. జరిగితే మీ గొంతు ఎంత బొంగురైనా అది వైద్యమే.

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లల కోసం ఇది రాస్తున్నాను. ఏ ఏడు ఏ పదవి వచ్చింది, ఎవరు శాలువా కప్పారు అన్నవి రాయను. ఆ సంగతులు ఎవరికీ అక్కర్లేదు. పాఠాల్లో దొరకని సంగతి ఒకటుంది, అది రాస్తాను. ఈ పనిలో అసూయ చాలా ఎక్కువ. మాత్ర వేసి జ్వరం తగ్గితే ఆ మాత్ర ఏ డాక్టరు రాసినా ఒకటే. మన పనిలో అలా కాదు. నువ్వు నెల రోజులు పాడినా నోరు విప్పని మనిషి, పక్కమ్మాయి ఒక పూట పాడితే నోరు విప్పుతాడు. పాట అదే, మంచం అదే, మనిషి అదే. తేడా నువ్వే. ఆ మంటను ఎలా దాచుకోవాలో ఏ సిలబస్‌లోనూ లేదు.

నేను విశ్వాసిని. అసూయ గురించి బైబిలు వాక్యం ఏం చెబుతుందో చిన్నప్పటి నుంచి కంఠతా వచ్చు. రోజూ పొద్దున మోకాళ్ళ మీద దాన్ని దేవుని దగ్గర పెట్టేసి వస్తాను. పదకొండు గంటలకు వార్డులోకి అడుగు పెట్టేసరికి అది నాకన్నా ముందే వచ్చి అక్కడ కూర్చుని ఉంటుంది.

పాట ఆపాక ఏం జరిగింది

నేను పనిచేసిన పునరావాస వార్డుకు పెద్ద డాక్టరమ్మ ఉండేవారు. తమిళావిడ, మాట కరుకు. మా పిల్లలు వార్డుకు వచ్చిన కొత్తలో ఒక అమ్మాయి వీణ తెచ్చుకుంది. మదురైలో పెద్ద ఇంటి పిల్ల, పదేళ్ళు గురువు దగ్గర కూర్చుని నేర్చుకుంది. ఆమె వాయిస్తుంటే నర్సులు పని ఆపి నిలబడ్డారు, పక్క వార్డు నుంచి కూడా వచ్చారు. అయ్యాక అందరూ చప్పట్లు కొట్టారు. డాక్టరమ్మ నా వైపు తిరిగి అడిగారు.

"వీణ బాగుంది. మంచం మీద ఉన్నాయన ఏం చేశాడు?"

ఆయన ఏమీ చేయలేదు. కళ్ళు మూసుకుని పడుకున్నాడు.

"పడుకోవడానికి నా దగ్గర మాత్ర ఉంది" అని ఆమె వెళ్ళిపోయారు.

ఆ రోజు నాకు అవమానమైంది గానీ ఆమె అడిగిందే ఈ పనికి మూలం. అప్పటి నుంచి పిల్లల చేతుల్లోంచి వాయిద్యాలు తీసేయించడం మొదలుపెట్టాను. మొదటి వారం వార్డులో ఊరికే కూర్చోమనేదాన్ని. రోగి దగ్గు ఏ శ్రుతిలో ఉందో వినండి, శ్రుతి పెట్టెను దానికి కలపండి. ఆయన నడక ఎంత మెల్లగా ఉందో చూడండి, మీ తాళం అంతకన్నా మెల్లగా ఉండాలి. పాట మధ్యలో ఆగండి. ఆగి ఎదురుచూడండి.

ఆగడం నేర్పడమే కష్టం. పాడటం వచ్చినవాళ్ళు నిశ్శబ్దాన్ని ఓర్చుకోలేరు. రోగి పెదవి కదలబోయే లోపల వాళ్ళే ఆ మాట పాడేస్తారు. "మీ నోరు మీరే మూసుకోండి, మీ పాట ఆయన దగ్గర ఉంది" అని ఎన్నిసార్లు అరిచానో. అరిచిన నేనే ఒకసారి ఒక మనిషి పాటను లాక్కోబోయాను. అది తర్వాత చెబుతాను.

ఆ వీణ అమ్మాయి మీద కూడా నాకు కుళ్ళు ఉండేదని దాచను. నాకు గురువు లేడు. నేను నేర్చుకున్నదంతా చర్చి హార్మోనియం దగ్గర, పెద్దవాళ్ళ నోళ్ళలోంచి నేర్చుకున్నదే. ఫిజియోథెరపీ వాళ్ళ మీద ఇంకో కుళ్ళు. మోకాలు నిన్నటికన్నా ఎంత వంగిందో వాళ్ళు కొలిచి చూపిస్తారు, డాక్టరమ్మ తల ఊపుతారు. మన పిల్లలు వెళ్ళి "ఈ రోజు నన్ను చూసి నవ్వాడు మేడమ్" అంటే ఏ తలా ఊగదు.

అందించడం, అందుకోవడం

మాది కోయంబత్తూరులో ఒక పాత తెలుగు కాలనీ. ఒకప్పుడు ఊడ్చేవాళ్ళు, మిల్లు కూలీలు, ఇప్పుడు డ్రైవర్లు, ఆసుపత్రి ఆయాలు. ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో చదివింది తమిళం. కాబట్టి తెలుగు పాటలు పాడటం అందరికీ వచ్చు, చదవడం ఎవరికీ రాదు. నేను కూడా అక్షరాలు పెళ్ళయ్యాక, వాక్యం చదువుకోవాలనే ఆశతో నేర్చుకున్నదాన్నే.

చదవడం రాని చర్చి సంఘం పాట ఎలా పాడుతుంది? మా దగ్గర ఒకరు అందిస్తారు, మిగతావాళ్ళం అందుకుంటాం. అందించే మనిషి ముందు నిలబడి పాటలో ఒక వరసను, అంటే ఒక పాదాన్ని, గబగబా మాటల్లో చెప్పేస్తుంది. ఆ వరసను సంఘమంతా రాగంతో పాడుతుంది. చివరి అక్షరం సాగుతుండగానే తర్వాతి వరస వచ్చి పడుతుంది. బయటివాళ్ళు వింటే ఎవరో మధ్యలో తిడుతున్నారేమో అనుకుంటారు. మాకు మాత్రం ఆ గొంతు వినపడితేనే అది ఆరాధన.

ఆ గొంతు మా అక్కది. దయామణి. కాలనీలో అందరికీ దయక్క. మా నాయన తర్వాత ఆ స్థానం ఆమెకు వచ్చింది. అయిదో తరగతి దాకా చదివింది, అదీ తమిళంలో. పాటలన్నీ మనసులోనే. అందిస్తున్నప్పుడు ఎడమ చెయ్యి కొంచెం పైకి లేపేది, అందుకోమన్నట్టు.

నేను సంగీతంలో డిగ్రీ తెచ్చుకున్నాను. తెలుగు చదవగలిగినదాన్ని కాలనీలో నేనొక్కదాన్నే. మదురై నుంచి సెలవులకు వచ్చినప్పుడల్లా ఆదివారం ముందు వరసలో కూర్చునేదాన్ని, ఒక్క పాటైనా అందించమంటారేమోనని. ఎవరూ అనలేదు. ఒకసారి నేనే అడిగాను.

"అక్కా, ఒగ పాట నేను అందిస్తానే."

"నువ్వు కాలేజీలో అందించేది చాలదా? ఈడ కూర్చోని పాడు డీ" అంది అక్క, నవ్వుతూనే. నేనూ నవ్వాను. ఆ నవ్వు నా గొంతులో ముల్లు గుచ్చుకున్నట్టు చాలా ఏళ్ళు ఉండిపోయింది.

అక్క మంచం పక్కన

నేను రిటైరయ్యే ముందు సంవత్సరం అక్కకు స్ట్రోక్ వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది, మాట పోయింది. నేనున్నాను కదా అని మదురైకే తెచ్చారు. ప్రాణానికి భయం లేదని డాక్టరమ్మ చెప్పారు. మాట సంగతి మాత్రం చెప్పలేమన్నారు.

పాస్టరయ్య చూడటానికి వచ్చారు. మంచం పక్కన ప్రార్థన చేసి, నన్ను వరండాలోకి పిలిచారు.

"సిస్టర్, సంఘం రొంబ బాధపడుతుండాది. పిల్లలు స్క్రీన్ పెట్టి తమిళ అక్షరాల్లో పాట వేద్దాం అంటుండారు. పెద్దోళ్ళు ఒప్పుకోలే. మీరు రిటైరయ్యి వచ్చేస్తే మీరుదా, మీరే అందించాల."

"అక్కకు మాట వస్తాది పాస్టరయ్యా" అన్నాను.

"రావాల. రాకపోతే మీరుండారు కదా."

ఆ మాట వినడానికి నేను నలభై ఏళ్ళు ఎదురుచూశాను. అది వరండాలో, ఫినాయిలు వాసనలో, అక్క మంచానికి పది అడుగుల దూరంలో వచ్చింది. సంతోషపడటానికీ వీల్లేదు, వద్దనడానికీ మనసు రాలేదు. లోపలికి వెళ్ళి అక్క చెయ్యి పట్టుకుని, ఈమెను పలికిస్తాను, పలికించేది నేనే అనుకున్నాను. అక్కకు మాట వస్తే దేవునికి మహిమ. దాన్ని తెప్పించింది నేనైతే కొంచెం నాకు కూడా.

సొంత మనుషులకు వైద్యం చేయకూడదని క్లాసులో చెప్పేది నేనే. అయినా పట్టించుకోలేదు.

మాట పోయినవాళ్ళకు పాట మిగిలి ఉంటుందని ఈ పనిలో ఉన్నవాళ్ళందరికీ తెలుసు. నేను అన్నీ పద్ధతిగానే చేశాను. మా కాలనీ పెద్దలెవరో కట్టిన పాట ఒకటుంది, కీర్తనల పుస్తకంలో లేదు. అక్కకు ప్రాణం. దాన్ని ఎంచుకున్నాను. ఆమె దగ్గుకు శ్రుతి కలిపాను. ఎడమ చెయ్యి పట్టుకుని మంచం మీద తాళం వేయించాను. తర్వాత సంఘంలో లాగే వరస అందించాను.

"తెల్లవారక ముందే నా తలుపు తట్టినావే."

అందించి ఆగాను. అక్క పెదవులు బిగించి గోడ వైపు తిరిగింది.

మెల్లగా చెప్పి చూశాను. శ్రుతి దించాను. సగం వరసే ఇచ్చాను. రోజూ రెండు పూటలా కూర్చున్నాను. స్పీచ్ థెరపిస్టు దగ్గర "ఆ", "ఊ" అంటున్న మనిషి నేను పాట మొదలుపెట్టగానే పళ్ళు కరుచుకునేది. నరాల లోపం ఇంకా ఎక్కువుందేమో అని డాక్టరమ్మతో అన్నాను. ఆమె కళ్ళద్దాల మీది నుంచి చూశారు.

"నువ్వు ఇక్కడ టీచరువా, చెల్లెలివా?"

"రెండూ."

"ఒకటి ఇంట్లో పెట్టి రా. లేదా ఒక స్టూడెంటును పంపు."

రేవతి

ఆ బ్యాచిలో అందరికన్నా తక్కువ పాడేది రేవతి. చిన్నమనూరు పిల్ల. నాయుళ్ళ ఇల్లు, ద్రాక్షతోట. ఇంట్లో మా లాగే పాత తెలుగు, చదువంతా తమిళం. గొంతు చిన్నది, పై స్థాయికి పోతే పగిలిపోయేది. నేనెన్నిసార్లు చెప్పినా రోగుల ఇంటి సంగతులు మాట్లాడుతూ కూర్చునేది, పాట మర్చిపోయేది. అక్కకు ఆమెను ఇచ్చాను. ఎందుకు ఇచ్చానంటే, బాగా పాడే పిల్లను పంపితే, ఆ పిల్లకు అక్క పలికితే, నేను తట్టుకోలేను. రేవతితో ఆ భయం లేదనుకున్నాను.

"మిస్, నాకు చర్చి పాటలు తెలీదు మిస్" అంది రేవతి.

"నేను చెప్పిస్తాను. ఒక చరణం చాలు."

స్టాఫ్ రూములో కూర్చోబెట్టి పల్లవి, మొదటి చరణం నేర్పాను. త్వరగానే పట్టింది.

"ఇంకెన్ని చరణాలు ఉండాయి మిస్?"

"రెండు. ఇప్పుడు అక్కర్లేదు."

"చెప్పిచ్చేయండి మిస్, నేను రాత్రి ఇంట్లో పాడుకుంటాను."

"ముందు ఇచ్చింది చెయ్యి" అన్నాను. ఆ రెండు చరణాలు మా నాయన మాకు నేర్పినవి, మిల్లు షిఫ్టు దిగి వచ్చి గుమ్మంలో కూర్చుని. ఇంట్లో మిగిలిన ఆస్తి అదొక్కటే. దాన్ని ఎవరో పిల్లకు ధారపోయడానికి చెయ్యి రాలేదు.

నేను మంచం దగ్గర ఉండకూడదు కనుక గుమ్మం పక్కన నిలబడ్డాను. అక్కకు నేను కనపడను. రేవతి స్టూలు లాక్కుని కూర్చుంది. అందించడం, అందుకోవడం ఆమెకు తెలియదు. నేను చెప్పనూ లేదు. మామూలుగా పాడింది. పల్లవి పాడింది, చరణం పాడింది. పై స్థాయిలో గొంతు పగిలింది. అక్క గోడ వైపు తిరగలేదు. పిల్ల ముఖంలోకే చూస్తూ ఉంది.

చరణం అయిపోయింది. రేవతి ఆగింది. అది నేను నేర్పిన ఆగడం కాదు. పాట నిజంగానే అయిపోయింది.

"అవ్వా, ఆ పైన ఏంది?" అంది రేవతి. "నాకు ఇంతేదా తెలుసు. మిస్ చెప్పియ్యలే."

అక్క ముఖం మారింది. ఆ ముఖం నాకు తెలుసు. ఆదివారం సంఘమంతా లేచి నిలబడి తన వైపు చూసినప్పుడు ఉండే ముఖం అది. ఎడమ చెయ్యి దుప్పటి మీద నుంచి కొంచెం లేచింది. పెదవులు ఒక పక్కకు లాగుకుపోయాయి.

"ఎ... ఎం... డిన."

"ఎండిన?"

"నే... ల మీద."

"ఎండిన నేల మీద" అని రేవతి పాడింది, తప్పు రాగంలో. అక్క మంచం మీద అరచేత్తో చరిచింది. మళ్ళీ. రేవతి మళ్ళీ పాడింది. ఈసారి సరిగ్గా వచ్చింది. అక్క తర్వాతి మాట అందించింది.

"అవ్వా, కొంచం మెల్లగా చెప్పు అవ్వా, ఏంటికి ఇంత తొందర? నాకు తెలుగు సరిగా రాదు."

అక్క కళ్ళు పెద్దవి చేసి ఆమెను ఉరిమి చూసింది. ఆదివారం వెనక వరసలో కబుర్లు చెప్పుకునే ఆడపిల్లల్ని చూసినట్టు. పక్క మంచం మీది ఆవిడ పకపకా నవ్వింది.

నేను గుమ్మం పక్కన గోడకు ఆనుకున్నాను. దేవుని స్తుతించాల్సిన చోట నాకు మొదట వచ్చిన ఆలోచన వేరు. నా అక్క, నా పాట, నా పద్ధతి. రేవతి ఎవరు?

ఎవరి స్థానం ఎక్కడ

వార్డు నుంచి బయటికి వచ్చిన రేవతి ముఖం వెలిగిపోతోంది.

"మిస్, అవ్వ నాకు పాట చెప్పిచ్చింది మిస్! టీచర్ మాదిరి కొట్టేది ఒకటిదా తక్కువ."

అప్పుడు అర్థమైంది. నాయన పోయాక మా అక్కకు ఎవరూ వరస అందించలేదు. అందించే మనిషికి ఎవరూ అందించరు. మా సంఘంలో ఎంత పెద్దవాళ్ళైనా ఆ పని చేయరు. నేను ఆ మంచం పక్కన రోజూ కూర్చుని చేసిందేమిటంటే, వడ్డించే ఆమె చేతిలోని గరిట లాక్కుని ఆమెకే వడ్డించడం. ఆమె పళ్ళు కరుచుకుంది మాట రాక కాదు. చెల్లెలు తన స్థానంలో నిలబడితే చూడలేక.

వేరే ఎవరూ ఈ పొరపాటు చేయరు. అందించడం తెలియని తమిళ పిల్ల మామూలుగా పాడి ఉండేది. అందించడం తెలిసిన మా కాలనీ మనిషి అక్కకు అందించే సాహసం చేసి ఉండేది కాదు. రెండూ తెలిసిన నేనే చేశాను.

మర్నాడు నేనూ అదే చేసి చూశాను. రేవతికి సెలవు. స్టూలు మీద కూర్చుని పల్లవి పాడాను, చరణం పాడాను, ఆగాను.

"అక్కా, ఆ పైన మర్చిపోయినానే. ఏంది?"

అక్క నా ముఖంలోకి చూసింది. పనిచేసే వైపు పెదవి మెల్లగా పైకి లేచింది.

"పో... వే" అంది.

స్పష్టంగా వచ్చిన మొదటి మాట అది. పక్క మంచం ఆవిడ నవ్వు ఆపుకోలేక దగ్గింది. "ఏమ్మా, మీ అక్కకు బాగా మాట వచ్చేసిందిదా!" అంది. నేనూ నవ్వాను. నాకు ఆ పాట మొదటి నుంచి చివరిదాకా తెలుసని అక్కకు తెలుసు. తెలియకపోవడం రేవతికి ఉన్న భాగ్యం. అది నాకు దొరకదు, నటించినా దొరకదు. నేను ఒక చరణమే నేర్పినందువల్ల ఆ పిల్లకు కలిసొచ్చింది. నేను పిసినారితనంతో దాచుకున్నదే అక్కకు మందైంది. ఆ మందు ఇచ్చిన పేరు మాత్రం నాకు రాలేదు.

ఆ వారం క్లాసులో పిల్లలకు చెప్పాను. ఇక మీదట రోగికి ఏ పాట ఇష్టమని మాత్రమే అడగొద్దు. ఆ పాటలో ఆ మనిషి ఎక్కడ నిలబడేవాడో అడగండి. ముందు పాడేవాడా, వెనక పాడేవాడా? తాళం వేసేవాడా? పాడేవాళ్ళకు నీళ్ళు అందించేవాడా? ఊళ్ళో భజనలో చివర హారతి పట్టే మనిషికి మీరు పల్లవి నేర్పితే ఆయనకు ఏం పట్టింది? పళ్ళెం ఇవ్వండి, చెయ్యి కదులుతుంది. ఇది నేను ఈ పనిలో నేర్చుకున్న వాటిలో అన్నిటికన్నా విలువైనది. దీన్ని చివరి ఏడాది నేర్చుకున్నానని నాకు కోపం.

నేను చెప్పడం అయిపోగానే పిల్లలు రేవతి వైపు తిరిగి చప్పట్లు కొట్టారు. డాక్టరమ్మ తన మీటింగులో రేవతిని మాట్లాడమన్నారు. ఆమెను పరిచయం చేసే పని నాకు ఇచ్చారు. రెండు వాక్యాల్లో ముగించాను. రిటైరయ్యాక నా ఖాళీలో రేవతిని తీసుకుందామా అని కాలేజీవాళ్ళు అడిగినప్పుడు కాదనలేదు. కాదనడానికి కారణం దొరకలేదు, వెతికాను.

ద్రాక్షతోటలో పొద్దున్నే వచ్చి ఎండలో పనిచేసినవాళ్ళకూ, సాయంత్రం వచ్చినవాళ్ళకూ యజమాని ఒకే కూలి ఇచ్చిన ఉపమానం మా పాస్టరయ్య ఏటా చెబుతారు. యజమాని మంచితనం గురించి చెబుతారు. నేను ప్రతిసారీ ఎండలో మాడినవాళ్ళ పక్షమే. దేవుడు న్యాయవంతుడని నమ్ముతాను. ఆయన లెక్క మాత్రం నాకు ఇంకా వంటపట్టలేదు.

ఈ పనిలోకి వచ్చే మీకు చెప్పేది ఇది. రోగి వేరేవాళ్ళకు పలికినప్పుడు మీకు మండుతుంది. మండలేదని చెప్పేవాళ్ళను నమ్మకండి. మండినా సరే, ఆ వేరేవాళ్ళను గుమ్మం దగ్గర అడ్డుకోకండి. నేను అడ్డుకోలేదు. నేను గొప్పగా చెప్పుకోదగ్గది ఈ కథలో అదొక్కటే.

ఆదివారం

నేను రిటైరై కోయంబత్తూరు వచ్చేశాను. అక్క అప్పటికి కర్ర పట్టుకుని నడుస్తోంది. మాట ముక్కలు ముక్కలుగా వస్తుంది, పాట వరసలు మాత్రం కొంచెం నిండుగా వస్తాయి. పాస్టరయ్య ఇంటికి వచ్చి, ఈ ఆదివారం దయక్క ముందుకు వస్తుందా అని అడిగారు. అక్క తల ఊపింది. ఆయన బయటికి వెళ్తూ గుమ్మం దగ్గర నాతో మెల్లగా అన్నారు.

"ఏదన్నా తడబడితే మీరు అందించండి సిస్టర్. మీరుండారనే ధైర్యం."

రేవతి మదురై నుంచి రాత్రి బస్సెక్కి ఆదివారం పొద్దున్నే బస్టాండులో దిగింది. పూలు తెచ్చింది, తలలో పెట్టుకునేవి. అక్క వాటిని తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. నేను తెచ్చిన కొత్త చీర కట్టుకుంది గానీ దాని గురించి ఒక్క మాట అనలేదు. సరే, మాటలు కొన్నే ఉన్నాయి, నా మీద ఖర్చు పెట్టడం ఎందుకనుకుంది కాబోలు.

చర్చిలో ముందు కుర్చీ వేశారు. అక్క కూర్చుంది. సంఘం లేచి నిలబడింది. రేవతి నా పక్కన నిలబడింది. మా పాటే.

అక్క ఎడమ చెయ్యి లేపింది. "తెల్ల... వారక ముందే... నా తలుపు తట్టి... నావే." సంఘం అందుకుంది. ముసలివాళ్ళు ఏడుస్తూ పాడారు. మొదటి చరణం అంతా ఆమె నెమ్మదిగా అందించింది, మేము ఓపికగా అందుకున్నాం. ప్రతి వరస తర్వాత నిశ్శబ్దం పెద్దదిగా ఉంది, ఎవరూ దాన్ని పూడ్చలేదు. నా పీజీ పిల్లలకన్నా వీళ్ళకు ఆగడం బాగా తెలుసు.

మొదటి చరణం అయింది. అక్క తర్వాతి వరస అందించింది.

"చివరి దీపమై... నా చెంత నిలిచి... నావే."

అది మూడో చరణం. రెండోది వదిలేసింది.

సంఘం నోళ్ళు తెరిచి ఆగిపోయింది. అందరికీ రెండో చరణం వచ్చు. ఒకరిద్దరు "ఎండిన" అని మొదలుపెట్టి మింగేశారు. తలలు ఒక్కొక్కటే నా వైపు తిరిగాయి. పాస్టరయ్య కళ్ళతోనే సైగ చేశారు. రేవతి నా చెవి దగ్గర గుసగుసలాడింది.

"మిస్, అది మూడోది కదా? మీరు చెప్పండి మిస్."

ఆ పిల్ల నన్ను అడిగింది. సంఘమంతా నన్ను చూసింది. చిన్నప్పటి నుంచి నేను కోరుకున్నది నా నాలుక చివర ఉంది. "ఎండిన నేల మీద" అంటే చాలు, రెండు వందల గొంతులు నా వెనక లేస్తాయి. అక్క కుర్చీలో కూర్చుని ఉంది, చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. ఆమెకు తెలియలేదు. అందించాక ఎందుకు పాడటం లేదో అన్నట్టు మమ్మల్ని చూస్తోంది. ఆ చెయ్యి కిందికి జారడం మొదలైంది.

"అవ్వ ఏది ఇస్తే అదే పాడు" అని రేవతికి చెప్పాను.

పాడాను. చర్చిలో నా గొంతు ఒక్కటే ఉంది. చివరి దీపమై నా చెంత నిలిచినావే. సగంలో రేవతి కలిసింది, పై స్థాయిలో గొంతు పగిలింది. తర్వాత ముందు వరస కలిసింది, తర్వాత అందరూ.

అక్క చెయ్యి మళ్ళీ పైకి లేచింది. ముఖం విప్పారింది. ఆ చూపు నేరుగా రేవతి మీదికి పోయింది, పాట నిలబెట్టింది ఆ పిల్లే అన్నట్టు. ఆమెనే చూస్తూ తర్వాతి వరస అందించింది.

నేను అందుకున్నాను.